ఎవరి తాలూకు?

కొన్ని నెలల క్రితం హైదరాబాదు శివార్లలో ఒక ప్రభుత్వ కార్యాలయానికి బాలాపూర్ నుంచి వచ్చిన ఒకామెకు తోడుగా వెళ్ళాను. ఆమె రోహింగ్యా శరణార్థి. భర్త చాలాకాలంగా కొడుతున్నాడు. చివరికి పిల్లలతో సహా గుడిసెలోంచి బయటికి గెంటేశాడు. ఫిర్యాదు రాయించాలని వెళ్ళాం. కౌంటర్లో ఉన్న గుమాస్తా ఆమె వైపు చూడలేదు. నన్ను చూసి, "ఈమె ఎవరి తాలూకు మేడమ్?" అని అడిగాడు.

అతను కటువుగా ఏమీ అడగలేదు. పని చేసిపెట్టాలనే ఉద్దేశంతోనే అడిగాడు. అతని ముందున్న ఫారంలో తండ్రి పేరో భర్త పేరో రాయాలి, ఆధార్ నంబరు వెయ్యాలి. ఆమె ప్లాస్టిక్ కవరులోంచి శరణార్థి కార్డు తీసి బల్లమీద పెట్టింది. అతను దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది మాకు చెల్లదండీ" అని తిరిగి ఇచ్చేశాడు. ఆమె దాన్ని మళ్ళీ జాగ్రత్తగా కవర్లో పెట్టుకుంది. ఆ రోజు ఫిర్యాదు నమోదు కాలేదు.

ఆ ప్రశ్న నన్ను ఇప్పటికీ వదల్లేదు. శరణు కోరి వచ్చిన స్త్రీల విషయంలో మన ప్రభుత్వాలు స్వాతంత్ర్యం వచ్చిన నాటినుంచీ అనుసరిస్తున్న విధానాన్ని ఒక్క ముక్కలో చెప్పమంటే ఆ గుమాస్తా మాటే చెప్పాల్సి వస్తుంది. ఆమె ఎందుకు పారిపోయి వచ్చింది, ఇక్కడ ఎలా బతకాలనుకుంటోంది అని అడిగేవాళ్ళు లేరు. ఎవరి భార్య, ఎవరి కూతురు, ఏ మతం, ఏ దేశం తాలూకు అన్నదే ప్రశ్న. దానికి సరైన జవాబుంటే లోపలికి, లేకపోతే బయటికి.

మొదట చట్టం సంగతి చూద్దాం. శరణార్థుల కోసం భారతదేశంలో ప్రత్యేకమైన చట్టం లేదు. 1951 నాటి ఐక్యరాజ్యసమితి శరణార్థుల ఒడంబడిక మీదగానీ, 1967 ప్రోటోకాల్ మీదగానీ మన ప్రభుత్వం సంతకం చెయ్యలేదు. అలాగని మన దేశం శరణార్థులను రానివ్వలేదనడం అన్యాయం. 1959లో టిబెట్ నుంచి, 1983 తర్వాత శ్రీలంక నుంచి వచ్చినవారికి చోటిచ్చింది. 1971లో తూర్పు పాకిస్తాన్ నుంచి వచ్చిన దాదాపు కోటిమందికి తిండీ నీడా చూపించింది. మనకంటే ఎంతో ధనిక దేశాలు చెయ్యని పని అది. కానీ ఇదంతా ఆనాటి ప్రభుత్వాల దయ మీద, విదేశాంగ అవసరాల మీద ఆధారపడి జరిగింది. ఒకరికి భూమి, ఇంకొకరికి శిబిరం, మరొకరికి జైలు. ఎవరికి ఏది దక్కుతుందో ముందుగా చెప్పగల నియమం ఏదీ లేదు. వచ్చినవాళ్ళందరికీ వర్తిస్తూ వచ్చింది 1946 నాటి విదేశీయుల చట్టమే. దాని దృష్టిలో ప్రాణభయంతో సరిహద్దు దాటిన మనిషికీ, వీసా గడువు మించిపోయిన యాత్రికుడికీ తేడా లేదు.

2025 సెప్టెంబరు 1 నుంచి ఆ పాత చట్టం స్థానంలో వలసలు, విదేశీయుల చట్టం 2025 అమలులోకి వచ్చింది. అందులోనూ శరణార్థికి నిర్వచనం లేదు. దానితోపాటు వచ్చిన మినహాయింపు ఉత్తర్వు మాత్రం పాకిస్తాన్, బంగ్లాదేశ్, ఆఫ్ఘనిస్తాన్ల నుంచి 2024 డిసెంబరు 31లోపు వచ్చిన ఆరు మతాలవారికి శిక్షల నుంచి ఊరటనిచ్చింది. 2015 జనవరి 9లోపు వచ్చి నమోదైన శ్రీలంక తమిళులకూ ఇచ్చింది. 2019లో సవరించి, 2024 మార్చిలో నియమాలు ప్రకటించిన పౌరసత్వ చట్టం కూడా ఆ మూడు దేశాల, ఆ ఆరు మతాల లెక్కే చూసింది. బాధ ఎంత అన్నది కాక, బాధపడ్డవారి మతం ఏది అన్నది కొలత అయింది. ఇంట్లోనే, తన మతంవాళ్ళ చేతుల్లోనే ప్రాణభయం ఉన్న స్త్రీకి ఈ కొలతలో చోటే లేదు.

ఈ ధోరణి ఈనాటిది కాదు. దేశ విభజన సమయంలో రెండు వైపులా వేలాదిమంది స్త్రీలను ఎత్తుకుపోయారు. వాళ్ళను వెతికి 'సొంత' దేశానికి చేర్చాలని 1947 డిసెంబరులో రెండు ప్రభుత్వాలూ ఒప్పందం చేసుకున్నాయి. దానికోసం మన దేశంలో 1949లో అపహృత వ్యక్తుల చట్టం వచ్చింది. అందులో 'అపహృత వ్యక్తి'కి ఇచ్చిన నిర్వచనం మనమంతా చదవాల్సినది. ముస్లిం మగపిల్లవాడైతే 16 ఏళ్ళలోపువాడే ఆ నిర్వచనంలోకి వస్తాడు. స్త్రీ అయితే ఏ వయసుదైనా వస్తుంది. 1947 మార్చి 1 తర్వాత కుటుంబం నుంచి విడిపోయి వేరే వ్యక్తితోగానీ, వేరే కుటుంబంతోగానీ ఉంటే చాలు, ఆమెను పోలీసులు వారంటు లేకుండా పట్టుకుపోవచ్చు. ఆమె ఎవరికి చెందుతుందో ట్రిబ్యునల్ తేలుస్తుంది. తనకు ఇక్కడే ఉండాలని ఉందని ఆమె చెప్పినా అది లెక్కలోకి రాదు.

ఆ బిల్లు మీద చర్చ జరిగినప్పుడు కొందరు సభ్యులు ఆమె ఇష్టాయిష్టాలు అడగరా అని ప్రశ్నించారు. వారి మాట నెగ్గలేదు. ఈ చట్టం రాజ్యాంగ విరుద్ధమని పంజాబు హైకోర్టు చెప్పింది. 1952లో సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టివేస్తూ, ఇలా పట్టుకుపోవడం రాజ్యాంగం చెప్పే అరెస్టు కిందికి రాదంది. 1957లో ఆ చట్టానికి కాలం చెల్లేదాకా రెండు దేశాలలో కలిపి సుమారు 30 వేలమంది స్త్రీలను 'తిరిగి రాబట్టారు'. వాళ్ళలో నిజంగా నరకంలోంచి బయటపడ్డవాళ్ళు ఎందరో ఉన్నారు. ఆ సంగతి మరవకూడదు. అయితే అప్పటికే కొత్త ఇల్లు, పిల్లలు ఏర్పడినవాళ్ళూ, వెనక్కి వెళితే కన్నవాళ్ళు రానిస్తారో లేదోనని వణికినవాళ్ళూ ఎందరో. చాలామంది తల్లులు బిడ్డల్ని వదిలి వెళ్ళవలసి వచ్చింది. ఉర్వశీ బుటాలియా, రీతూ మీనన్, కమలా భసీన్ 1998లో వెలువరించిన పుస్తకాల వల్ల ఈ చరిత్ర మనకు తెలిసింది. అప్పటిదాకా అది 'జాతి గౌరవం' కింద మూటకట్టి ఉండిపోయింది.

ప్రవేశం విషయంలో ఇలా ఉంటే పునరావాసం విషయంలో ఇంకోలా లేదు. తూర్పు పాకిస్తాన్ నుంచి బెంగాలుకు వచ్చిన కాందిశీకులను ప్రభుత్వం రెండు రకాలుగా విడదీసింది. పనిచెయ్యగల మగవాడున్న కుటుంబాలకు భూమి, అప్పు, ఉపాధి. మగదిక్కు లేని స్త్రీలు, ముసలివాళ్ళు, వికలాంగులు మాత్రం 'శాశ్వత భారం'. ఇది నా మాట కాదు, ప్రభుత్వ కాగితాల్లో వాడిన మాటే. వాళ్ళకు వేరే శిబిరాలు, వేరే హోములు. రెండు చేతులా పనిచేసి పిల్లల్ని పెంచుతున్న నలభై ఏళ్ళ వితంతువు కూడా ఆ లెక్కలో భారమే. ఆ తర్వాత 1958లో మొదలైన దండకారణ్య పథకం కింద వేలాది కుటుంబాలను కోరాపుట్, బస్తర్ అడవులకు తరలించారు. అప్పటి మన ఆదిలాబాద్ జిల్లా కాగజ్‌నగర్ దగ్గర కూడా బెంగాలీ కాందిశీకుల ఊళ్ళు వెలిశాయి. ఎక్కడైనా కొలమానం కుటుంబమే, కాగితం మీద పేరు ఇంటి పెద్దదే. ఇంటి పెద్ద అంటే మగవాడనే అర్థం. ఆ భూములు అంతకుముందు అక్కడున్న ఆదివాసీలకు ఏమయ్యాయన్నది మరో పెద్ద ప్రశ్న. దాన్ని విడిగా చర్చించుకోవాలి.

ఇదంతా పాతకథ అనుకోవద్దు. తమిళనాడు శిబిరాల్లో ఉన్న శ్రీలంక తమిళులకు ఆ రాష్ట్ర ప్రభుత్వం నెలనెలా భత్యం ఇస్తోంది. 2021లో దాన్ని మంచి మనసుతోనే పెంచింది. కుటుంబ పెద్దకు 1,000 నుంచి 1,500 రూపాయలు, ఇతర పెద్దలకు 750 నుంచి 1,000, పిల్లలకు 400 నుంచి 500. భార్యాభర్తలిద్దరూ ఒకే యుద్ధం నుంచి పారిపోయి వచ్చారు, ఒకే గదిలో ఉంటున్నారు. మరి ఒకరు 'పెద్ద', ఇంకొకరు 'ఇతరులు' ఎందుకయ్యారు? ఆ 500 రూపాయల తేడాలో ప్రభుత్వం కుటుంబాన్ని ఎలా చూస్తోందో కనిపిస్తుంది. భర్త నుంచి విడిపోవాలనుకునే స్త్రీ ముందు ఆ కుటుంబం పద్దులోంచి బయటపడాలి.

మనవాళ్ళకు ఈ అనుభవం కొత్తది కాదు. ఉత్తరాంధ్రలో రంగూన్‌ను 'రంగం' అనేవారు. కూలికీ నాలికీ రంగం పోవడం అక్కడ ఇంటింటి కథ. 1942లో జపాను సేనలు వచ్చినప్పుడు లక్షలాది భారతీయులు బర్మా వదిలి వచ్చారు, ఎందరో కాలినడకన వచ్చారు. 1962 తర్వాత సైనిక ప్రభుత్వం దుకాణాలనూ వ్యాపారాలనూ జాతీయం చేసి పొమ్మన్నప్పుడు మళ్ళీ వచ్చారు. విశాఖపట్నంలో బర్మా క్యాంప్ ఆ పేరుతోనే ఇప్పటికీ ఉంది. మా అమ్మమ్మగారి ఊళ్ళో ఒకామెను అందరూ 'రంగం పిన్ని' అనేవారు. దారిలో భర్తనూ చంటిపిల్లనూ పోగొట్టుకుని నడిచి వచ్చిందని చెప్పుకునేవారు. ఆమె అసలు పేరేమిటని నేను పెద్దయ్యాక అడిగితే చెప్పగలిగినవాళ్ళు లేరు.

ఆ బర్మా నుంచే ఈరోజు రోహింగ్యాలు వస్తున్నారు. అక్కడి 1982 పౌరసత్వ చట్టం వాళ్ళను తమవాళ్ళుగా ఒప్పుకోలేదు. 2017 ఆగస్టు తర్వాత సైన్యం సాగించిన హత్యాకాండనుంచి ఏడు లక్షలమందికి పైగా బంగ్లాదేశ్‌కు పారిపోయారు. ఊళ్ళు తగలబెట్టడంతోపాటు సామూహిక అత్యాచారాలను సైన్యం ఆయుధంగా వాడిందని ఐక్యరాజ్యసమితి నిజనిర్ధారణ బృందం తేల్చింది. హైదరాబాదుకు అంతకుముందు నుంచే వస్తున్నారు. బాలాపూర్ చుట్టుపక్కల కొన్ని వేలమంది ఉన్నారు. మగవాళ్ళు చిత్తు ఏరుతారు, అడ్డామీద కూలికి నిలబడతారు. ఆడవాళ్ళు ఇళ్ళల్లో పనిచేస్తారు, ఆ దొరికిన పని కూడా ఎప్పుడు పోతుందో తెలియదు.

వాళ్ళతో మాట్లాడుతున్నప్పుడు నాకు అర్థమైన సంగతి ఒకటుంది. కొట్టే భర్తకంటే వాళ్ళకు పోలీసు స్టేషనంటే ఎక్కువ భయం. అకారణమైన భయం కాదది. 2021 ఏప్రిల్‌లో జమ్మూ రోహింగ్యాల కేసులో సుప్రీంకోర్టు, 14, 21 అధికరణాలు పౌరులు కానివారికీ వర్తిస్తాయంటూనే, దేశంనుంచి పంపివేయకుండా ఉండే హక్కు పౌరులకే ఉందని, విధివిధానాలు పాటించి పంపవచ్చని చెప్పింది. 1996లో చక్మాల కేసులో ఇదే కోర్టు, పౌరుడైనా కాకపోయినా ప్రతి మనిషి ప్రాణాన్నీ కాపాడటం రాజ్యం బాధ్యత అని చెప్పిన మాట ఇప్పుడు దూరంగా వినిపిస్తోంది. 2025 మేలో ఢిల్లీలో అదుపులోకి తీసుకున్న కొందరు రోహింగ్యాలను మయన్మార్ తీరం దగ్గర సముద్రంలో వదిలేశారన్న ఆరోపణ వచ్చింది. ఐక్యరాజ్యసమితి ప్రత్యేక ప్రతినిధి దానిపై విచారణ మొదలుపెట్టారు. ఈ వార్తలు విన్న స్త్రీ 'నా భర్త కొట్టాడు' అని స్టేషను మెట్లు ఎక్కుతుందా? ఎక్కితే భర్త ఒక్కడే లోపలికి వెళతాడా, తనూ పిల్లలూ కూడానా? భర్తలకు ఈ సంగతి బాగా తెలుసు. 'వెళ్ళి చెప్పుకో' అని వాళ్ళే అంటారు.

నిజానికి 2005 నాటి గృహహింస నిరోధక చట్టం పౌరసత్వం అడగదు. బాధితురాలు 'ఏ స్త్రీ అయినా' కావచ్చునని అందులో స్పష్టంగా ఉంది. చట్టం ఇచ్చిన హక్కును కౌంటర్ దగ్గరి ఫారం తీసేసుకుంటోంది.

పిల్లల విషయం ఇంకా కష్టం. 1992లో సవరించేదాకా విదేశంలో పుట్టిన బిడ్డకు భారత పౌరసత్వం తండ్రి ద్వారానే వచ్చేది. భారతీయురాలైన తల్లి ద్వారా వచ్చేది కాదు. స్త్రీల ఉద్యమం బలంగా ఉన్న రోజుల్లో ఆ వివక్ష పోయింది. కానీ 2004 డిసెంబరు నుంచి అమలవుతున్న నియమం ప్రకారం ఇక్కడే పుట్టిన బిడ్డకైనా తల్లిదండ్రులలో ఒకరు భారతీయులైతే చాలదు, రెండోవారు 'అక్రమ వలసదారు' కాకూడదు. అంటే పాతబస్తీలో పుట్టి పెరిగిన మన అమ్మాయి ఒక శరణార్థిని పెళ్ళిచేసుకుంటే, ఆమె కడుపున పుట్టిన బిడ్డకు ఆమె దేశం రాదు. తల్లి పౌరసత్వానికి సొంతంగా విలువ లేకుండాపోయింది.

మూడో దేశానికి వెళ్ళి స్థిరపడే దారి ఎప్పుడూ సన్ననిదే. కెనడా 1988లోనే, ప్రమాదంలో ఉన్న స్త్రీలకోసం ప్రత్యేక పథకం పెట్టింది. అలాంటి పథకాల ద్వారా మగతోడు లేని స్త్రీలు కొందరైనా బయటపడ్డారు. ఎక్కువమందిని తీసుకుంటూ వచ్చిన అమెరికా 2025 జనవరిలో శరణార్థుల ప్రవేశాన్ని నిలిపివేసింది. 2026 ఆర్థిక సంవత్సరానికి 7,500 మందినే పరిమితిగా పెట్టి, అందులోనూ ఎక్కువ భాగం దక్షిణాఫ్రికాలోని తెల్లజాతివారికి అంది. కాబట్టి బాలాపూర్ స్త్రీల భవిష్యత్తు ఎక్కడో తేలుతుందని మనం చేతులు దులుపుకోలేం. ఇక్కడే తేలాలి.

1951 ఒడంబడిక శరణార్థిని నిర్వచిస్తూ ఐదు కారణాలు చెప్పింది: జాతి, మతం, జాతీయత, ఒక సామాజిక వర్గానికి చెందడం, రాజకీయాభిప్రాయం. స్త్రీ అయినందువల్ల జరిగే హింస అందులో లేదు. దాన్ని చేర్పించడానికి ప్రపంచమంతటా స్త్రీలు పోరాడారు. 1993లో కెనడా మార్గదర్శకాలు ప్రకటించింది. 1999లో బ్రిటన్ ప్రభువుల సభ, భర్తలు వెళ్ళగొట్టిన ఇద్దరు పాకిస్తానీ స్త్రీల కేసులో వారిని ఒక సామాజిక వర్గంగా గుర్తించింది. 2024లో యూరప్ న్యాయస్థానం, ఆఫ్ఘన్ స్త్రీ అయితే చాలు, ఇంకే ప్రత్యేక కారణమూ చూపనక్కర్లేదని చెప్పింది.

మనలో చాలామందికి తెలియనిదేమిటంటే మన హోంశాఖ 2011 డిసెంబరులో రాష్ట్రాలకు పంపిన కార్యవిధానంలో ఈ కారణం ఉంది. జాతి, మతంతోపాటు 'లింగం' వల్ల హింస జరుగుతుందన్న భయం సహేతుకమని తేలితే దీర్ఘకాలిక వీసాకు సిఫారసు చెయ్యమని అందులో రాశారు. ఆ వీసా ఉంటే ప్రైవేటు ఉద్యోగం చేసుకోవచ్చు, చదువుకోవచ్చు. ప్రపంచ ఒడంబడికలో లేని మాట మన కాగితంలో ఉంది. అయితే అది చట్టం కాదు, ఆదేశం. దాన్ని చూపించి కోర్టులో హక్కుగా నిలబడటం కష్టం. జస్టిస్ పి.ఎన్. భగవతి అధ్యక్షతన నిపుణులు 1990లలోనే నమూనా చట్టం తయారుచేశారు. పార్లమెంటులో ప్రైవేటు బిల్లులు కూడా వచ్చాయి. ఏదీ ముందుకు కదల్లేదు.

'మన ఆడవాళ్ళకే దిక్కులేదు, పైవాళ్ళ సంగతి మనకెందుకు' అని మన సమావేశాల్లోనే వింటుంటాను. ఆ మాట వెనక ఉన్న అలసటను నేను తోసిపుచ్చను. బస్తీలో పింఛను కోసం, రేషను కోసం ఏళ్ళతరబడి తిరిగే స్త్రీలతో పనిచేసేవాళ్ళకు ఆ కోపం సహజం. కానీ ఒంటరి స్త్రీకి రేషను కార్డు ఇవ్వడానికి 'భర్త ఎక్కడ' అని అడిగేదీ, శరణార్థి స్త్రీని 'ఎవరి తాలూకు' అని అడిగేదీ ఒకే వ్యవస్థ. ఒకరికి ఆ ప్రశ్న వెయ్యనిస్తే రెండోవారికీ వేస్తారు. భద్రత సంగతంటారా, నేరం చేసినవారిని విచారించడానికి చట్టాలు చాలా ఉన్నాయి. ఎవరు ఎందుకు వచ్చారో విడివిడిగా విని, నమోదు చేసి, కాగితం ఇవ్వడం భద్రతకు కూడా మేలే.

మన వైపు కూడా ఒకసారి చూసుకోవాలి. 1949లో ఆ స్త్రీలను వెతికిపట్టే పని చేసినవారిలో మృదులా సారాభాయ్ లాంటి గొప్ప సేవాతత్పరులు ఉన్నారు. వాళ్ళు స్త్రీలే, దురుద్దేశం లేనివాళ్ళే. ఆ పనిచేసిన కమలాబెన్ పటేల్, అనీస్ కిద్వాయ్ తర్వాత రాసిన జ్ఞాపకాల్లో వాళ్ళ మనసులు ఎంత నలిగాయో కనిపిస్తుంది. రక్షిస్తున్నామనుకుంటూనే ఆమె మాట వినకపోవడం మనకూ సులభంగా అలవాటవుతుంది. బాలాపూర్ నుంచి వచ్చిన స్త్రీని ముందే ఏ హోంలో చేర్చాలా అని ఆలోచించిన రోజు నాకూ ఉంది. ఆమె హోం వద్దంది. తన గుడిసె, తన పక్కింటివాళ్ళు, పిల్లల మదరసా వదిలి రానంది. భర్త వెళ్ళిపోవాలి గాని తనెందుకు వెళ్ళాలని అడిగింది. గృహహింస చట్టం చెప్పేదీ అదే. చట్టం చదివిన నాకు అది తట్టలేదు, చదవని ఆమెకు తట్టింది.

కాబట్టి మనం అడగాల్సినవి స్పష్టంగా అడుగుదాం. శరణార్థులకు మతంతో నిమిత్తం లేని చట్టం కావాలి. అందులో స్త్రీ అయినందువల్ల జరిగే హింసను, ఇంట్లో జరిగేదాన్ని కూడా, కారణంగా రాయాలి. ప్రతి స్త్రీ మాటా భర్త ఎదుట కాకుండా విడిగా, ఆమె భాష తెలిసిన స్త్రీ ద్వారా వినాలి. గుర్తింపు, భత్యం, వీసా ఆమె పేరు మీదే ఉండాలి, విడాకులతోనో వైధవ్యంతోనో అవి పోకూడదు. హింస నుంచి రక్షణ, వైద్యం, బడి వీటికి ఆధార్ అడగకూడదు. ఫిర్యాదు చేసినందుకు ఎవరినీ నిర్బంధించకూడదు. తల్లి భారతీయురాలైతే బిడ్డ భారత పౌరుడేనని పౌరసత్వ చట్టాన్ని సవరించాలి.

ఇవి వచ్చేదాకా చేతులు ముడుచుకుని కూర్చోనక్కర్లేదు. ఈ పత్రిక చదివేవాళ్ళలో సహాయ కేంద్రాలు నడిపేవాళ్ళున్నారు, న్యాయవాదులున్నారు. మీ కేంద్రంలో ఉన్న ఫారం ఒకసారి తీసి చూడండి. మొదటి గడిలో ఏముంది? మా సంస్థ ఫారంలో 'భర్త/తండ్రి పేరు' అని ఉంది. పన్నెండేళ్ళుగా ఉంది. పోయిన నెల దాన్ని మార్చాం. బాలాపూర్ ఆమె ఫిర్యాదు రెండోసారి వెళ్ళినప్పుడు, చట్టం కాపీ చేతిలో పెట్టుకుని అరపూట వాదించాక, నమోదైంది. విచారణ ఇంకా మొదలు కాలేదు. తారీఖు వచ్చినప్పుడు ఆమెతో వెళ్ళడానికి మనుషులు కావాలి.